ఓడ పొగకు పన్ను: తోతాపురి రైతుపై భారం ఎంత?

లండన్‌లో జరిగే మీటింగులతో చిత్తూరు, తిరుపతి జిల్లాల మామిడి రైతుకు పనేముంది అనిపించొచ్చు. కానీ మన తోతాపురి కాయ ఫ్యాక్టరీలో గుజ్జుగా మారి, డ్రమ్ముల్లో చేరి, కంటైనరెక్కి, ఓడలో సౌదీ అరేబియాకు, యెమెన్‌కు, నెదర్లాండ్స్‌కు పోతుంది. ఓడ కిరాయి పెరిగితే ఎక్స్‌పోర్టరు ఫ్యాక్టరీ మీదకు తోస్తాడు. ఫ్యాక్టరీ ర్యాంపు మీదకు తోస్తుంది. ర్యాంపు వాళ్లు తోయడానికి మిగిలేది రైతే. అందుకే ఈ ఓడ పన్ను గొడవేమిటో రైతు సోదరులు తెలుసుకోవాలి.

ఏమిటీ పన్ను?

ప్రపంచ వ్యాపారంలో సరుకు బరువు లెక్కన 80 శాతానికి పైగా ఓడల మీదే సాగుతోంది. ఈ ఓడలు ఎక్కువగా మడ్డి నూనె కాలుస్తాయి. భూమిని వేడెక్కించే వాయువుల్లో దాదాపు 3 శాతం వీటి నుంచే వస్తోంది. దీన్ని తగ్గించాలని లండన్‌లోని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఒక పథకం తయారు చేసింది. 5,000 గ్రాస్ టన్నేజీ దాటిన పెద్ద ఓడలు ఏటా పొగ తగ్గించుకుంటూ పోవాలి. హద్దు దాటితే ఎక్కువైన ప్రతి టన్నుకూ 100 డాలర్లు, మరీ వెనకబడితే 380 డాలర్లు కట్టాలి. ఆ డబ్బుతో ఒక నిధి పెట్టి, శుభ్రమైన ఇంధనం వాడే ఓడలకు ప్రోత్సాహం, పేద దేశాలకు సాయం ఇవ్వాలన్నది ఆలోచన. 2028 నుంచి అమలు చేయాలనుకున్నారు.

ఎవరు అడ్డుపడ్డారు?

2025 ఏప్రిల్‌లో ఓటింగు పెడితే 63 దేశాలు సరేనన్నాయి. వాటిలో మన దేశం, చైనా, బ్రెజిల్ ఉన్నాయి. సౌదీ అరేబియా, రష్యా వంటి చమురు దేశాలతో కలిపి 16 దేశాలు వద్దన్నాయి. అమెరికా చర్చల నుంచే లేచిపోయింది. సముద్రం పొంగితే మునిగిపోయే పసిఫిక్ దీవుల దేశాలు మాత్రం ఈ పన్ను చాలదంటూ ఓటు వేయకుండా కూర్చున్నాయి.

అక్టోబరులో ఆఖరి ఆమోదానికి వచ్చేసరికి కథ మారింది. ఇది తమ ప్రజల మీద బయటివాళ్లు వేసే పన్ను అనీ, సరుకుల ధరలు పెరుగుతాయనీ అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రభుత్వం ఎదురు తిరిగింది. ఒప్పుకున్న దేశాల ఓడలకు రేవు రుసుములు పెంచుతామని, వీసాలు ఆపుతామని బెదిరించింది. చివరకు ఏడాది వాయిదా వేద్దామని సౌదీ అరేబియా ప్రతిపాదించింది. 57 దేశాలు వాయిదాకు సై అన్నాయి, 49 వద్దన్నాయి, 21 తటస్థంగా ఉన్నాయి. మన గుజ్జు కొనే దేశమే ఆ వాయిదా అడిగిందన్నది గమనించాలి.

ఇలాంటి పన్నును మనవాళ్లూ ఒకప్పుడు ఎదిరించారు. 2012లో యూరప్ తన గడ్డ మీద దిగే విమానాల పొగకు రుసుము వేస్తే, ఆ లెక్కలు ఇవ్వొద్దని మన ప్రభుత్వం మన విమాన సంస్థలకు చెప్పింది. చైనా, అమెరికా కూడా కాదన్నాయి. ఆ ఏడాది చివర్లో యూరప్ బయటి దేశాల విమానాల విషయంలో వెనక్కి తగ్గింది. ఒక్క యూరప్ కూర్చుని అందరి మీదా పన్ను వేయడం వేరు, అన్ని దేశాలూ కలిసి ఒప్పుకోవడం వేరు అన్నది అప్పటి వాదన.

ఓడల విషయంలో మాత్రం యూరప్ ఆగలేదు. 2024 జనవరి నుంచి తన రేవులకు వచ్చే పెద్ద ఓడల పొగకు డబ్బు కట్టించుకుంటోంది. బయటి నుంచి వచ్చే ప్రయాణంలో సగం పొగ లెక్కలోకి వస్తుంది. ఓడ కంపెనీలు దాన్ని సర్‌చార్జీగా బిల్లులో కలుపుతున్నాయి. అంటే నెదర్లాండ్స్‌కు పోయే గుజ్జు మీద ఈ భారం ఇప్పటికే ఉంది.

కిలో కాయకు ఎంత పడుతుంది?

20 అడుగుల కంటైనర్లో సుమారు 17 టన్నుల గుజ్జు పడుతుంది. పన్ను వల్ల కంటైనరు కిరాయి 10 వేల రూపాయలు పెరిగిందనుకుందాం. కిలో గుజ్జుకు 60 పైసలు కూడా కాదు. కిలో గుజ్జుకు సుమారు రెండు కిలోల కాయ కావాలి కాబట్టి కిలో కాయ మీద పడేది 30 పైసల లోపే. టన్నుకు 300 రూపాయలు. చిన్న రైతుకు అదీ డబ్బే. కానీ అదే వంక పెట్టి కిలోకు రెండు, మూడు రూపాయలు కోస్తే మాత్రం లెక్క కుదరదు.

2025 సీజను గుర్తు చేసుకోండి. దిగుబడి బాగా వచ్చింది. ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు నిల్వలున్నాయి. ధర కుప్పకూలింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దాని మీద తాను 4 రూపాయలు ఇస్తానని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ 8 రూపాయలు కూడా అందడం లేదని రైతులు రోడ్డెక్కారు. అప్పటికి అన్ని దేశాల ఓడ పన్ను ఎక్కడా అమల్లో లేదు. మన ధరను ముంచేది నిల్వలు, గిరాకీ, బేరంలో మన బలహీనత. ఓడ పన్ను వాటి తర్వాతే.

అలాగని పన్ను ఆగిపోతే రైతుకు లాభమే అనుకోవడానికీ లేదు. మామిడి పూతకు చలికాలంలో చలి పడాలి. అది తప్పినా, పూత మీద వానలు కురిసినా నష్టపోయేది తోట యజమానే. వాతావరణం గతి తప్పితే ఆ ఖర్చు బిల్లులో కనిపించదు, దిగుబడిలో కనిపిస్తుంది.

రైతులు చేయదగ్గవి

ర్యాంపులో గానీ ఫ్యాక్టరీలో గానీ ధర తగ్గించి, ఎగుమతి ఖర్చు పెరిగిందని చెబితే, కంటైనరుకు ఎంత పెరిగిందో అడగండి. దాన్ని 17 వేలతో భాగించండి, వచ్చినదాన్ని సగం చేయండి. కిలో కాయ మీద పడే భారం అదే. ధర రాసిన తూకం చీటీ తప్పకుండా తీసుకుని దాచుకోండి. ఒంటరిగా అడిగితే లోడు వెనక్కి తీసుకుపొమ్మంటారు. అందుకే ఊళ్లో పది మంది కలిసి, కాయ కోయకముందే ధర మాట్లాడుకోవడం మేలు.