బాలింతల ప్రాణరక్ష – ఒక శాస్త్రజ్ఞుని కృషి

పెద్దలారా,

రాజవొమ్మంగి మన్యపు కొండపల్లెలలో పురిటినొప్పులు వచ్చిన స్త్రీని డోలీలో మోసికొనిపోవుట మీలో ననేకులు చూచియుందురు. కొందఱు స్వయముగా భుజము పట్టియుందురు. బిడ్డ పుట్టి కెవ్వున నేడ్చినంతనే గండము గడచినదని అందఱును సంతోషింతురు. కాని ఒక్కొక్కప్పుడు తల్లికి రక్తస్రావము పట్టువిడువక సాగును. దానిని ఆపలేకున్నచో రెండు మూడు గంటలలోనే ప్రాణము పోవచ్చును. దీనిని మన పూర్వులు విధివ్రాత యనిరి. అది విధివ్రాత కాదు. దానిని అరికట్టు ఉపాయము మన శరీరమునందే కలదు. ఆ యుపాయమును తెలిసికొనుటకు దారి చూపినవారిలో ఒక శాస్త్రజ్ఞుని గూర్చి నేడు మనవి చేసెదను.

నిండునెలలలో గర్భాశయమునకు నిమిషమునకు అరలీటరునకు పైగా రక్తము ప్రవహించుచుండును. కాన్పు తరువాత మాయ ఊడిపడినప్పుడు, అది అంటియున్న చోట రక్తనాళములు నోళ్లు తెఱచికొనును. అప్పుడు గర్భాశయపు కండరములు గట్టిగా ముడుచుకొని, తిత్తి మూతికి త్రాడు బిగించినట్లు, ఆ నాళములను నొక్కివేయును. కండరములు ముడుచుకొనక మెత్తగా నుండిపోయినచో రక్తము ఆగదు.

ఈ కండరములకు ముడుచుకొమ్మని ఆజ్ఞ యిచ్చు పదార్థములు రెండు విధములు. మెదడు క్రిందనున్న చిన్న గ్రంథినుండి వెలువడి రక్తములో ప్రయాణము చేసి వచ్చు ఆక్సిటోసిను మొదటిది. ఇట్టివానిని హార్మోనులందురు, ఇవి దూరపు ఊరినుండి తపాలాలో వచ్చు ఉత్తరముల వంటివి. రెండవవి ప్రోస్టాగ్లాండినులు. ఇవి పని జరుగవలసిన చోటనే పుట్టి, కొలది నిమిషములలో నశించును. తలారి వీధిలో వేయు దండోరా వంటివి.

ఈ రెండవవానికి పేరు పెట్టినవాడు ఉల్ఫ్ ఫోన్ ఆయిలర్. ఈయన 1905లో స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోమునందు జన్మించెను. తండ్రియు గొప్ప రసాయన శాస్త్రజ్ఞుడు. 1929లో నోబెలు బహుమానము పొందినవాడు. 1930లో కుమారుడు లండనునకు పోయి హెన్రీ డేల్ పరిశోధనశాలలో చేరెను. మెదడు క్రింది గ్రంథి సారము గర్భాశయమును ముడుచుకొనజేయునని 1906లో కనిపెట్టినవాడు ఈ డేల్ పండితుడే.

స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట ఆయిలర్, మగ గొఱ్ఱెల జననగ్రంథుల సారమును పరీక్షించి, అందు రక్తపు పోటును తగ్గించునట్టియు, ప్రేగుల, గర్భాశయముల కండరములను కదలించునట్టియు పదార్థమొకటి కలదని గ్రహించెను. అది ప్రోస్టేటు అను గ్రంథినుండి వచ్చుచున్నదని తలంచి, 1935లో దానికి ప్రోస్టాగ్లాండిను అని పేరిడెను. ఇట్టి పదార్థములు ఇంచుమించు ఒడలంతట పుట్టునని తరువాత తేలినది. పేరు మాత్రము నిలిచిపోయినది.

అది అత్యల్పముగా లభించుటచే ఆయన దానిని శుద్ధిచేయజాలకపోయెను. పిదప నరముల వైపు దృష్టి మరల్చి, కొన్ని నరములు తమ ఆజ్ఞలను నారడ్రినలిను అను పదార్థముచే అందించునని 1946లో నిరూపించెను. అందులకు 1970లో నోబెలు బహుమానములో పాలు పొందెను. కాని మొదటి పనిని ఆయన మఱవలేదు. 1945లో తాను దాచియుంచిన సారమును బెర్గ్‌స్ట్రోం అను యువకునకు అప్పగించెను. ఆ యువకుడు 1957లో దానిని స్ఫటికములుగా సాధించెను. ఆస్పిరిను బిళ్ల నొప్పిని, జ్వరమును తగ్గించుటకు కారణము అది ప్రోస్టాగ్లాండినుల పుట్టుకను అడ్డగించుటయే యని జాన్ వేన్ 1971లో తెలిపెను. బెర్గ్‌స్ట్రోం, ఆయన శిష్యుడు శామ్యుయెల్‌సన్, వేన్ ఈ మువ్వురకును 1982లో నోబెలు బహుమానము లభించినది. అది చూచిన మఱుసటి యేడు ఆయిలర్ కాలధర్మము నొందెను.

ప్రోస్టాగ్లాండినును పోలినట్లు 1973లో అమెరికాలో చేయబడినదే మిసోప్రోస్టోలు. మొదట ఇది కడుపులోని పుండ్లకు మందు. బాలింతల రక్తస్రావమును నివారించు ముఖ్యౌషధముగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో దీనిని తన పట్టికలో చేర్చినది. ఆక్సిటోసిను సూదిమందే శ్రేష్ఠము. కాని దానిని 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను, ఇచ్చుటకు శిక్షణ గల చేయి కావలెను. ఈ బిళ్లకు మంచుపెట్టె అక్కఱలేదు, తేమ తగులకుండినచాలు. నోట మ్రింగుటయే.

ఒక హెచ్చరిక. రక్తస్రావ నివారణకు ఈ మందును బిడ్డ పుట్టిన వెనుకనే, కడుపులో రెండవ శిశువు లేదని నిశ్చయించుకొని, నర్సమ్మ గాని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త గాని చెప్పినట్లు ఈయవలెను. నొప్పులు త్వరగా రావలెనని కాన్పునకు ముందు ఇంటివద్ద ఇచ్చినచో గర్భాశయము చీలి తల్లియు బిడ్డయు మరణింపవచ్చును. మందు మ్రింగిన పిదప వణకు, జ్వరము కొంతసేపు కలుగుట కలదు, దానికి భయపడవలదు.

కావున తొమ్మిదవ నెల వచ్చునప్పటికే ఆసుపత్రి ప్రయాణమునకు డోలీని, మోయువారిని, రహదారివద్ద బండిని మాటాడి యుంచుడు. త్రోవలోనే కాన్పు జరిగినచో ఏమి చేయవలెనో నర్సమ్మను ముందుగా అడిగి యుంచుడు. రక్తము ఆగకున్నచో తెల్లవారనిండని చెప్పక, ఆ క్షణముననే బయలుదేరుడు. ఇంటిలో ఆ మాట చెప్పవలసినవారు మీరే. మీ మాటను ఎవ్వరును కాదనరు.