మీ పిచ్చిని దాచుకోకండి!

జహీరాబాద్ నుంచి మాట్లాడుతున్నా. "ఏం పిచ్చిరా నీది?" అని ఇంట్లో తిడుతున్నారా? ఈ ఎపిసోడ్ మీకే.

అభిమానమంటే కటౌట్లు, పాలాభిషేకాలేనా? 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ మొదలైతే అభిమానులు రక్తమిచ్చారు. ఇష్టం ప్రాణాలకు పనికొచ్చింది.

మా దగ్గర విత్తనాల పిచ్చి ఉంది. సంక్రాంతికి పాత పంటల జాతర మొదలైతే ఎడ్లబండ్లు హీరోల లెక్క ముస్తాబవుతాయి. జొన్న, కొర్ర, సామ విత్తనాలు డప్పులతో ఊరూరా తిరుగుతాయి. జాతర అయ్యాక అవే పంటలు చేన్లో, కంచంలో కనిపిస్తాయి. ఆ డీడీఎస్ సంఘాల మహిళలే 2008 నుంచి మాచ్‌నూర్‌లో సంఘం రేడియో నడిపారు. తమ పాటలు, తమ యాసలోనే!

మీరూ అంతే. పాటల పిచ్చా? నానమ్మ పాటలు ఫోన్లో రికార్డ్ చేయండి. క్రికెట్టా? గల్లీ పిల్లలకు బౌలింగ్ నేర్పండి. రోజూ అరగంట చాలు. నవ్వేటోళ్లు నవ్వనీ, మీ పని మీరు చేయండి.