గరుకు డ్రమ్ములకు పాత శాంప్లరా, కొత్తదా?

1987లో అమెరికాకు చెందిన ఈ-మ్యూ సంస్థ ఎస్‌పీ-1200 అనే శాంప్లర్‌ను (ధ్వనిని రికార్డు చేసుకుని, మీట నొక్కితే తిరిగి వినిపించే పరికరం) విడుదల చేసింది. అందులో పట్టే ధ్వని మొత్తం కలిపి 10 సెకన్లే. ఒక్క శబ్దానికి రెండున్నర సెకన్లు దాటకూడదు. దాన్ని రూపొందించిన డేవ్ రోసమ్ 2021లో తన కొత్త సంస్థ తరఫున మళ్లీ తయారుచేసి 3,999 డాలర్ల ధర పెట్టారు. ఇవాళ చవక ఫోన్ కూడా గంటల కొద్దీ పాటలు దాచుకుంటుంది. మరి 10 సెకన్ల పెట్టెకు అంత ధర ఎందుకు?

ఎందుకంటే 1990ల న్యూయార్క్ హిప్‌హాప్ డ్రమ్ముల గరుకుదనం చాలావరకు ఈ పెట్టెలోంచి వచ్చింది. పీట్ రాక్ లాంటి నిర్మాతలు పాత ఫంక్, సోల్ రికార్డుల నుంచి డ్రమ్ము దెబ్బలను కోసి ఇందులోకి ఎక్కించేవారు. బయటికి వచ్చేసరికి ఆ దెబ్బ మందంగా, మసగ్గా, అంచున కాస్త లోహపు జీరతో ఉండేది. ఇప్పుడు ఆ శబ్దం కావాలనుకునేవారి ముందు రెండు దారులున్నాయి: పాత యంత్రం కొనడం, లేదా కొత్త శాంప్లర్‌తో రాబట్టడం. ఏ దారి పట్టాలో తేలాలంటే ఆ గరుకు ఎక్కడ పుడుతుందో ముందు తెలియాలి.

ధ్వనిని అంకెలుగా మార్చేటప్పుడు యంత్రం సెకనుకు కొన్ని వేలసార్లు దాన్ని కొలుస్తుంది. దీన్ని శాంపిల్ రేటు (కొలతల వేగం) అంటారు. సీడీలో అది 44,100. ఎస్‌పీ-1200లో సుమారు 26,040. కొలతల వేగంలో సగానికి పైనున్న స్వరాలను యంత్రం సరిగా దాచలేదు. అంటే 13,000 హెర్ట్జ్‌కు పైనున్న తళుకు పోతుంది. సింబల్ మెరుపు తగ్గి, స్నేర్ డ్రమ్ము నడిభాగం ముందుకొస్తుంది.

ఇక బిట్లు (ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో చెప్పే లెక్క). ఎస్‌పీ-1200వి 12 బిట్లు, అంటే 4,096 మెట్లు; సీడీ 16 బిట్లలో 65,536. ఈ యంత్రం గొప్పంతా 12 బిట్లదేనని చాలామంది అంటారు. నా అంచనాలో దాని వాటా అన్నిటికన్నా తక్కువ. గట్టిగా పడే డ్రమ్ము దెబ్బలో ఆ మెట్ల తేడా దాదాపు వినబడదు. దెబ్బ తగ్గుతూ పోయే తోకలో మాత్రం సన్నటి బుసలాగా తేలుతుంది.

అసలు కిటుకు శ్రుతి మార్చే పద్ధతిలో ఉంది. శ్రుతి తగ్గించాలంటే యంత్రం కొన్ని కొలతలను రెండేసిసార్లు చదువుతుంది. పెంచాలంటే కొన్నిటిని వదిలేస్తుంది. కొత్త యంత్రాలు సాధారణంగా రెండు కొలతల మధ్య ఉండాల్సిన విలువను లెక్కగట్టి నింపుతాయి (దీన్ని ఇంటర్‌పొలేషన్ అంటారు). ఎస్‌పీ-1200 ఆ శ్రమ పడదు. అందుకే నున్నగా ఉండాల్సిన ధ్వనితరంగం మెట్లు మెట్లుగా విరుగుతుంది. ఆ విరుపుల్లోంచి అసలు రికార్డులో లేని స్వరాలు పుడతాయి. దీన్నే ఎలియాసింగ్ అంటారు. సినిమాలో బండి ముందుకు పోతుంటే చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనబడటం కూడా ఇలాంటి కొలతల కొరత వల్లే.

ఈ లోపాన్ని మరింత పెంచింది మెమొరీ కొరత. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ఎల్పీ రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి రికార్డు చేసుకునేవారు. తర్వాత యంత్రంలో శ్రుతిని దాదాపు ఐదు అర్ధస్వరాలు (సెమిటోన్లు) దించేవారు. దాంతో 10 సెకన్లలో పదమూడున్నర సెకన్ల సరుకు పట్టేది. స్థలం మిగుల్చుకోవడానికి చేసిన పని ఇది. శబ్దం మారడం ఆ పొదుపుతో వచ్చిన కొసరు. వేగం పెంచినప్పుడు రికార్డులోని స్వరాలన్నీ పైకి జరుగుతాయి. యంత్రం హద్దు మాత్రం అక్కడే ఉంటుంది. లెక్క వేస్తే అసలు పాటలో 9,600 హెర్ట్జ్‌కు పైనున్నదంతా పోయినట్టే. శ్రుతి దించాక ఆ ఖాళీలోకి ఇందాకటి కల్తీ స్వరాలు వచ్చి చేరతాయి. మసక, దాని మీద జీర: రెండూ ఒకేసారి వచ్చేది ఇందువల్ల.

చివరిది, బయటికి వచ్చే దారి. ఈ పెట్టెకు ఎనిమిది అవుట్‌పుట్‌లు విడివిడిగా ఉన్నాయి. మొదటి రెండింటికి కదిలే అనలాగ్ ఫిల్టర్ ఉంది. చివరి రెండింటికి ఫిల్టరే లేదు. కిక్ డ్రమ్మును మొదటిదానిలో, హైహ్యాట్ సింబల్‌ను చివరిదానిలో పంపితే ఒకటి గుండ్రంగా, ఇంకొకటి పచ్చిగా వస్తాయి.

పాతవన్నీ ఒకేలా పలకవని కూడా గుర్తుంచుకోవాలి. 1988లో వచ్చిన అకాయ్ ఎంపీసీ60 కూడా 12 బిట్లదే. కానీ కొలతల వేగం 40,000. గరుకు కన్నా, దాని రూపకర్త రోజర్ లిన్ అందులో పెట్టిన లయ ఊగు (స్వింగ్) కోసమే దాన్ని ఎక్కువగా తలుచుకుంటారు. అదే ఏడాది వచ్చిన అకాయ్ ఎస్950 చదివే వేగాన్నే మార్చి శ్రుతి మారుస్తుంది కాబట్టి జీర తక్కువ. ‘వింటేజ్’ అన్న మాట చూసి డబ్బు కట్టేవారు ఇక్కడే దెబ్బతింటారు.

ఇప్పుడు కొత్తవి. ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్ (2017), రోలాండ్ ఎస్‌పీ-404 ఎంకే2 (2021), టీనేజ్ ఇంజనీరింగ్ ఈపీ-133 (2023) శుభ్రంగా రికార్డు చేస్తాయి. ధ్వనిని చెడగొట్టే ఎఫెక్టులూ వాటిలో దొరుకుతాయి. అయినా ఫలితం తేలిపోయిందని ఫిర్యాదు వినబడుతుంటుంది. కారణం తరచూ యంత్రం కాదు, వరస. డ్రమ్ములన్నీ కలిపేసి, చివర ఒకే ఎఫెక్టు రుద్దితే అన్నీ ఒకే తీరుగా చెడతాయి. పాత పెట్టెలో ఒక్కో దెబ్బ తన శ్రుతిని బట్టి విడిగా చెడి, ఆ తర్వాతే మిగతావాటితో కలిసేది. కాబట్టి ఒక్కో దెబ్బ శ్రుతిని ముందు ఐదు అర్ధస్వరాలు పెంచండి. కొలతల వేగాన్ని 26,000 దగ్గరికి తగ్గించి మళ్లీ రికార్డు చేయండి. తర్వాత ఐదు దించండి. లెక్కగట్టి నింపే యంత్రంలో లోహపు జీర పూర్తిగా రాదు. మందం, మసక మాత్రం వస్తాయి. ఆ జీర కూడా కావాలంటే ఇస్లా ఎస్2400 ఉంది. దాన్ని ఎస్‌పీ పద్ధతిని అనుసరించే తయారుచేశారు.

పాతదానికి ధరతో పాటు సేవ కూడా చేయాలి. అది ఫ్లాపీ డిస్కుల కాలపు వస్తువు. జపాన్‌లో సోనీ 2011లోనే ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. ఫ్లాపీ స్థానంలో మెమొరీ కార్డు పెట్టుకునే పరికరాలున్నాయి. కానీ అరిగిన మీటలు, మసకబారిన తెర, వయసు మీరిన కెపాసిటర్లు బాగుచేసే చేయి దగ్గర్లో ఉండాలి. అమెరికా నుంచి హైదరాబాద్‌కో విజయవాడకో తెప్పించుకుంటే, ప్లగ్గు పెట్టేముందు అది 120 వోల్టులదా, మన 230 తట్టుకుంటుందా చూసుకోవాలి.

శబ్దం కోసమే అయితే కొత్తది చాలు. 10 సెకన్ల హద్దులోనే పాట కట్టే అలవాటు కావాలనుకుని, మరమ్మతు భారం మోయగలిగినవారికే పాతది. కొనేముందు ఒక్క పని చేయండి. డప్పు మీద ఒక దెబ్బ రికార్డు చేసి, పైన చెప్పిన వరసలో నడపండి. అదే దెబ్బను ఎస్‌పీ-1200 ఉన్నవారి చేత నడిపించుకోండి. రెండింటినీ విడిగా కాక, మిగతా వాద్యాలతో కలిపి పాటలో పెట్టి వినండి. అక్కడ తేడా తెలియకపోతే పాతదానికి డబ్బు పెట్టకండి.