మనోవైద్యునిపై నమ్మకము సడలినప్పుడు

గాయపడినవాడు వైద్యునకు గాయమును చూపును. మనోవ్యథకు లోనైనవానికి చూపుటకు గాయము లేదు. అతని మాటయే అతనికి సాక్ష్యము. ఆ మాటను వినువారు తేలికగా తీసివేసినచో అతడు మరల నోరు విప్పుట కష్టము. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, ఆయా వ్యాధులను బట్టి నూటికి 70 నుండి 92 మంది వరకు చికిత్సకు దూరముగా ఉన్నట్లు తేలినది. ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి, మనసు నొచ్చి, మరల ఆ గడప త్రొక్కనివారును మన గ్రామములలో గలరు. వారిని గూర్చియే ఈ వ్యాసము.

అపనమ్మకమునకు కారణములు

మన పల్లెలలో పలువురు మనసులోని బాధను గుండెదడయనియు, ఒళ్ళు మంటలనియు, నరముల బలహీనతయనియు చెప్పుకొందురు. పరీక్షలు జరిపిన వైద్యుడు "నీకేమియు లేదు" అనును. శరీరములో దోషము కనబడలేదని ఆయన భావము. "నీవు చెప్పునది అబద్ధము" అని రోగికి వినబడును.

రద్దీగల ఆసుపత్రులలో ఒక్కొక్కరికి లభించునది కొద్ది నిమిషములే. అందులోను వెంట వచ్చిన బంధువే అంతయు చెప్పివేయును. రోగి మౌనముగా కూర్చుండును. కుంగుబాటునకిచ్చు మందులు గుణమిచ్చుటకు సాధారణముగా రెండు నుండి నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. నోరెండుట, మగత వంటి ఇబ్బందులు మాత్రము ముందుగానే కలుగవచ్చును. ఈ సంగతి తెలియని రోగి తాను మోసపోయితినని తలచును. చెప్పుకొన్న గుట్టు ఊరిలో పొక్కునేమోయను భయము వీటికి తోడగును.

కావున ఈ అపనమ్మకమును మూర్ఖత్వమనియో, పిచ్చిలో భాగమనియో కొట్టివేయరాదు. అట్లని చికిత్స మానుటయు మార్గము కాదు. మందులు హఠాత్తుగా ఆపినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును. వైద్యముపై ఆశ వదలుకొన్న కుటుంబములు రోగులను సంకెళ్ళతో బంధించు చోట్లకు చేర్చిన సందర్భములు గలవు. 2001 ఆగష్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో అట్టి ఒక ఆశ్రయములో నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టివేయబడియుండుటచే తప్పించుకొనలేక 28 మంది మరణించిరి.

చట్టమిచ్చిన అండ

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగులను ఏ విధముగను గొలుసులతో బంధింపరాదని నిషేధించినది. తన వ్యాధి యేమో, ఇచ్చు చికిత్స యేమో, దానివలన కలుగు ఇబ్బందులేమో తనకు అర్థమగు భాషలో తెలిసికొను హక్కు రోగికి గలదు. చట్టము పేర్కొన్న కొన్ని సందర్భములలో తప్ప, వైద్యులు అతని విషయములను ఇతరులకు వెల్లడింపరాదు. సేవలో లోపమున్నచో ఆ ఆసుపత్రి బాధ్యులకును, అక్కడ న్యాయము జరుగకున్న మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డునకును ఫిర్యాదు చేయవచ్చును. ఇందుకు ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కూడ గలదు.

సభ్యులు చేయదగినది

"డాక్టరు నా మాట వినలేదు" అని ఎవరైన మీ వద్ద వాపోయినచో, ముందు మీరైనను పూర్తిగా వినుడు. మరల వెళ్ళుటకు ముందు మూడు సంగతులు కాగితముపై వ్రాయించుడు: ఎక్కువ బాధించునది ఏది, మందు వలన కలిగిన మార్పు ఏది, తనకు అర్థము కానిది ఏది. వైద్యునితో ఒంటరిగా మాటలాడుటకు కొంత సమయము కోరవచ్చునని చెప్పుడు. "నా బాధ మీకు తెలియలేదని తోచుచున్నది" అని వైద్యునితోనే చెప్పుట తప్పు కాదు. దానివలన చికిత్స చక్కబడుటయు కలదు. అప్పటికిని కుదురనిచో వేరొక వైద్యుని చూడవచ్చును. ఒక వైద్యునితో కుదరకున్నంత మాత్రమున వైద్యమే వ్యర్థము కాదు.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. ఈ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుడు. చావు మాట ఎత్తినవానిని ఒంటరిగా విడువక, పురుగుమందులను అతనికి అందకుండ తొలగించి, వెంటనే ఆసుపత్రికి చేర్చుడు.

ఇట్టి విషయములను రచ్చబండ మీదికి తేకుడని సభ్యులను ప్రత్యేకముగా కోరుచున్నాము. మీ వద్ద చెప్పుకొన్న మాట మీ వద్దనే నిలిచినచో, ఆ మనిషి వైద్యుని వద్ద మరల నోరు విప్పుటకు ధైర్యము తెచ్చుకొనును.