పొలంలో గుల్లల రాయి తగిలిందా?

రాజమహేంద్రవరం దగ్గర కాతేరులోను, గోదావరి అవతల పంగిడి, దుద్దుకూరులలోను నల్లరాతి పొరల నడుమ సున్నపురాయి ఉంది. అందులోని నత్తగుల్లలు, ఆల్చిప్పలు సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటి జీవుల శిలాజాలు. అప్పట్లో సముద్రపు నీరు ఇంతవరకు వచ్చేది.

గుర్తించేదెలా?
రాయిని కడిగి చూస్తే గుల్లల చుట్లు, గీతలు కనిపిస్తాయి. కాస్త పొడిచేసి నిమ్మరసం పిండండి. బుడగలతో పొంగితే సున్నపురాయే.

పైరుకు ఏమవుతుంది?
ఇలాంటి రాయి కలిసిన నేలలో సున్నం ఎక్కువై పైరుకు ఇనుము అందదు. లేత ఆకులు పాలిపోయినా ఈనెలు ఆకుపచ్చగానే ఉంటాయి. నత్రజని లోపమైతే ముందు ముదురాకులు పండుబారుతాయి. తేడా చూడకుండా యూరియా వేస్తే డబ్బు దండగ.

ఏం చేయాలి?
లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది, 1 గ్రా. నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండుసార్లు పిచికారీ చేయండి. పశువుల ఎరువు వేయండి. భూసార పరీక్ష చేయించండి.