ఇరవై అయిదు గళ్ళ పరుగు

బైలదిల్లా కొండల పాదాన వెలసిన బచేలి ఇనుప గనుల పట్టణం. ఇక్కడి ఖనిజం కొత్తవలస రైలు మార్గాన విశాఖ రేవుకు చేరుతుంది. ఇట్టి పట్టణంలో ఇరుగుపొరుగుల మాతృభాష ఒకటి కాకపోవడం సహజం. తెలుగు, హిందీ, హల్బీ, గోండీ ఒకే వీధిలో వినవస్తాయి. భాష కుదరకున్నా సాగగల వినోదం తెలుగువారి అష్టాచెమ్మ. కన్నడిగుల చౌకాబారా దీనికి తోబుట్టువే.

నేలపై అయిదు వరుసల గళ్ళు, నాలుగు గవ్వలు, ఆటగానికి నాలుగు కాయలు చాలును. కాయ వెలుపలి 16 గళ్ళు చుట్టి, లోపలి 8 గళ్ళు ఎదురుదిశలో తిరిగి, నడిమింట పండాలి. ప్రత్యర్థి కాయ నొకదానినైనా చంపనివాడు లోనికి పోరాదన్నది పలుచోట్ల నియమం. అందుచేత కేవలం పారిపోయేవాడు గెలువలేడు.

గవ్వలు నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, అనగా నాలుగు. నాలుగూ బోర్ల పడితే అష్ట, ఎనిమిది. గవ్వ రెండు వైపులా సమంగా పడుతుందనుకుంటే, 16 విధాలలో 6 విధాల రెండే పడుతుంది; అష్ట ఒక్క విధాననే. కనుక శత్రువుకు రెండు గళ్ళ ముందు నిలవడం సాహసం, ఎనిమిది గళ్ళ ముందు నిలవడం వివేకం. ఇంగ్లండులో హక్కు పొందిన లూడో పాచికకు ఈ తారతమ్యం లేదు. ఆరు అంకెలూ దానికి సమానమే. ఆలోచనకు చోటు గవ్వలలోనే ఎక్కువ.