మధ్యలో బిగువు, చివర్లో వదులు

మా పాలిటెక్నిక్ ఆటోమొబైల్ ల్యాబ్‌లో బల్ల మీద ఒక పాత ప్రీమియర్ పద్మిని స్టీరింగ్ బాక్స్ ఉంటుంది. మొన్న రెండో సంవత్సరం కుర్రాడొకడు దాని షాఫ్టును ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగైదుసార్లు తిప్పి చూసి, "సార్, ఇది పాడైపోయినట్టుంది. మధ్యలో కాస్త బిగుస్తోంది, రెండు చివర్లా లూజుగా ఉంది" అన్నాడు. వాడి చేతికి తెలిసింది నిజమే, చెప్పిన తీర్పే తప్పు. ఆ బాక్స్ భేషుగ్గా ఉంది. అలా ఉండాలనే దాన్ని చేశారు. పాత కారుకు స్టీరింగ్ సామాను కొనబోయేవాళ్ళకు ఇంతకన్నా పనికొచ్చే పాఠం మరొకటి లేదని నా నమ్మకం.

అసలు కథ గుర్రబ్బండితో మొదలైంది. అప్పట్లో ముందు ఇరుసు మొత్తం మధ్యనున్న ఒక్క సీల మీద తిరిగేది. మలుపు గట్టిగా తిప్పితే బండి ఒరిగిపోయేది. మ్యూనిక్‌లో బండ్లు కట్టే గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఇరుసును కదలనివ్వకుండా, ఒక్కో చక్రాన్ని దాని సీల మీద అదే తిరిగేలా చేశాడు. 1818లో లండన్‌లో ఆయన తరఫున పేటెంట్ తీసుకున్న రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేరే ఆ పద్ధతికి నిలిచిపోయింది.

ఇందులో ఒక చిక్కు ఉంది. మలుపులో లోపలి చక్రం చిన్న వలయం మీద, బయటి చక్రం పెద్ద వలయం మీద నడుస్తాయి. కాబట్టి రెండూ ఒకే కోణంలో తిరగకూడదు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు, రెండు సీలల మధ్య దూరం 1.2 మీటర్లు ఉన్న కారు అనుకోండి. లోపలి చక్రం 30 డిగ్రీలు తిరిగితే బయటిది 24 డిగ్రీలే తిరగాలి. ఆ ఆరు డిగ్రీల తేడా రాకపోతే టైరు దొర్లడానికి బదులు రోడ్డు మీద గీసుకుపోతుంది. చక్రాలను తిప్పే ఆర్ములను తిన్నగా కాక వెనక ఇరుసు నడిమి వైపు కాస్త వాల్చి అమర్చితే, ఈ తేడా దాదాపుగా దానంతటదే వచ్చేస్తుంది. అందుకే యాక్సిడెంట్ కారు నుంచి తీసి, కాల్చి, సుత్తితో సరిచేసిన ఆర్మును ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకూడదు. ఇనుము బలం పోతుంది, ఆ వాలులో ఉన్న లెక్కా పోతుంది.

ఇక నాకు ప్రాణమైన స్టీరింగ్ బాక్స్ దగ్గరికి వద్దాం. పద్మినికి తల్లి ఫియట్ 1100. దాని బాక్సులో ఉండేది వార్మ్, రోలర్. వార్మ్ అంటే మర చుట్టిన ఉక్కు కడ్డీ. మామూలు బోల్టులా తిన్నగా ఉండదు, డమరుకంలా నడుము దగ్గర సన్నబడి ఉంటుంది. ఆ మర గాడిలో ఒక రోలర్ కూర్చుంటుంది. మనం స్టీరింగ్ తిప్పితే వార్మ్ తిరుగుతుంది, రోలర్ గాడి వెంబడి జరుగుతుంది, దానితో చక్రాల వైపు కదలికను అందించే డ్రాప్ ఆర్మ్ ఊగుతుంది. రోలర్ జరిగేది గీతలా కాదు, వంపుగా. ఆ వంపుకు సరిపోవడానికే వార్మ్‌కు ఆ నడుము.

అయితే ఆ వంపును పూర్తిగా సరిపోనివ్వలేదు. కారు తిన్నగా పోయేటప్పుడు రోలర్ గాడిలో సందు లేకుండా కూర్చుంటుంది. చివర్లకు పోయే కొద్దీ కాస్త సందు వదిలారు. ఎందుకంటే కారు బతుకంతా దాదాపు తిన్నగానే గడుస్తుంది. పాత ఇంటి మెట్టు అందరూ అడుగేసే నడిమి చోటే అరిగినట్టు, వార్మ్ కూడా నడుమే అరుగుతుంది. అరిగినప్పుడు మెకానిక్ పైనున్న స్క్రూ తిప్పి రోలర్‌ను లోపలికి నొక్కుతాడు. చివర్లలో ముందే సందు లేకపోతే, నడుము సరిపడేసరికి అక్కడ పట్టేస్తుంది. యంత్రం ఎక్కడ అరుగుతుందో అది పుట్టకముందే ఊహించి, ఆ అరుగుదలకు చోటు మిగిల్చిన ఆలోచన అది. ఎన్నిసార్లు తిప్పి చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

పద్మిని నడిచిన రోజుల్లో మన రోడ్ల మీద దానికి పోటీ అంబాసిడర్. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన ఆ కారుది ర్యాక్ అండ్ పినియన్: ఒక పళ్ళ కడ్డీ, దాని మీద ఒక చిన్న పళ్ళ చక్రం, అంతే. భాగాలు తక్కువ, రోడ్డు సంగతి సూటిగా చేతికి చెబుతుంది. వార్మ్ గుంతల దెబ్బను చేతిదాకా అంతగా రానివ్వదు. ఒకటి ఉన్నదున్నట్టు చెప్పేది, ఇంకొకటి కాచేది. గెలిచింది ర్యాక్. 1983 చివర్లో వచ్చిన మారుతి 800 కూడా దాన్నే తెచ్చుకుంది. ఆ ర్యాకూ నడుమే అరుగుతుంది. నడిమి ప్లే, అంటే వదులు, దాచడానికి ర్యాక్ వెనకున్న ప్యాడ్‌ను అతిగా బిగిస్తే చివర్ల దగ్గర అదీ పట్టేస్తుంది.

ఈ మాట తెలియక మోసపోయాను. మా నాన్నగారి పద్మినికి మొదటిసారి కొన్న బాక్స్ నల్లరంగుతో మెరిసిపోతూ, నడిమి ప్లే అన్నది లేకుండా ఉంది. బిగించి రోడ్డెక్కితే, మలుపు తిప్పిన స్టీరింగ్ వెనక్కి రాలేదు. రెండు చేతులతో లాగి తిన్నగా తెచ్చుకున్నాను. అరిగిన వార్మ్‌ను స్క్రూతో బిగించి అమ్మారు. రెండోసారి విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళినప్పుడు రంగు చూడలేదు. షాఫ్టు కొస నుంచి కొసకు ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగం దగ్గర ఆపి, వేళ్ళతో చూశాను. నడుమ చిన్న బిగువు, చివర్ల చిన్న వదులు. మూత విప్పించి చూస్తే వార్మ్ మీద గుంటలు లేవు, నూనెలో ఉక్కు రజను మెరవలేదు. సీల్ దగ్గర కారుతోంది. సీల్ కొత్తది వేసుకోవచ్చు. ఆ బాక్సే ఈనాటికీ మా కారులో ఉంది.

పద్మిని తయారీ ఆగిపోయింది, 2014లో అంబాసిడర్‌దీ ఆగిపోయింది. అంతకు చాలా ముందే 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ అమ్మకానికి వచ్చింది, 1988లో సుజుకీ సెర్వోతో స్టీరింగ్‌కు కరెంటు మోటారు సాయం వచ్చింది. కానీ చక్రాల దగ్గర ఆర్ములను లాగే టై రాడ్, దాని కొసనుండే బాల్ జాయింట్ అలాగే ఉన్నాయి.

కాబట్టి పాత కారున్నవాళ్ళకు నా మాట ఇది. బాక్స్, ర్యాక్ హౌసింగ్, కాలమ్ మంచివి దొరికితే పాతవే తీసుకోండి. టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, రబ్బరు బూట్లు, స్ప్లిట్ పిన్నులు మాత్రం కొత్తవే వేయండి. పాత ఆర్ము తీసుకుంటే బాల్ జాయింట్ స్టడ్ కూర్చునే కన్నం కోలగా సాగిందేమో చూడండి. పాత ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తది అన్ని చుట్లే ఎక్కించి, నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు వెళ్ళండి. ఇంజిన్ ఆగితే కారు రోడ్డు పక్కన నిలబడుతుంది. టై రాడ్ ఊడితే ఆ చక్రం మన మాట వినదు.